ప్రొవిజనల్ అన్నాడా?

లేన్ ఆ మాట అరిచే తీరుకి గోల్ఫ్ టూర్‌లో అందరూ నవ్వేవారు.

గోల్ఫ్‌లో బంతి ఎత్తు గడ్డిలోకో చెట్లలోకో పోతే అది దొరుకుతుందో లేదో అక్కడికి వెళ్తేగాని తెలియదు. తీరా వెళ్ళాక దొరక్కపోతే మళ్ళీ వెనక్కి నడిచి రావాలి. అందుకని ముందుగానే అక్కడి నుంచి ఇంకో బంతి కొట్టి ఉంచుకోవచ్చు. మొదటిది దొరికితే రెండోదాన్ని జేబులో వేసుకోవడమే, అది లెక్కలోకి రాదు. కాకపోతే రెండో బంతి కొట్టే ముందు "ప్రొవిజనల్" అని ఎవరో ఒకరికి వినబడేలా చెప్పాలి. చెప్పకుండా కొడితే మొదటి బంతి ఆ క్షణం నుంచి చచ్చినట్టే. అది ఎంత మంచి చోట కనబడినా ముట్టుకోవడానికి లేదు. పైగా ఒక షాట్ జరిమానా, తక్కువ షాట్లు కొట్టినవాడే గెలిచే ఆటలో.

చాలామంది ఆ మాటని గొణిగి ఊరుకుంటారు. లేన్ మాత్రం రైలు వస్తోందని చెప్పేవాడిలా గొంతెత్తి అరిచేవాడు.

"అదిగో, ఒమాహా బండి కూత వేసింది, పట్టాల మీంచి తప్పుకోండ్రా" అనేవాడు కోల్టన్ పీబుల్స్. జార్జియా కుర్రాడు, ఇరవై మూడేళ్ళు, ఆ ఏడాది టూర్‌లో అందరికంటే పొడుగ్గా కొట్టేవాడు.

"నవ్వరా నవ్వు. నా వయసొచ్చేసరికి నీకు ఆ మాట గుర్తుండదు, నీ పేరే గుర్తుండదు" అనేవాడు లేన్.

ఆ అలవాటు చేసింది నా భార్య మార్లా. లేన్ ఆమె తమ్ముడు. తల్లి చిన్నప్పుడే పోతే మార్లాయే వాణ్ణి పెంచింది. ఒమాహాకి అవతల ఉన్న మా హేస్టింగ్స్ ఊళ్ళో మునిసిపాలిటీ వాళ్ళ గోల్ఫ్ మైదానంలో వాడి బ్యాగు మోస్తూ వెంట తిరిగేది. మాట ముందు, బంతి తర్వాత. ప్రొవిజనల్ అనకపోతే రెండో బంతి చేతికిచ్చేది కాదు. మార్లా పోయి అప్పటికి రెండేళ్ళు.

జనవరిలో లేన్ బ్యాగు మోసే క్యాడీ ఇంకో మంచి ఆటగాడి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను కాలేజీలో భూగోళం చెప్పి రిటైరై ఇంట్లో ఖాళీగా ఉన్నాను. వాడు వచ్చి, వంటింట్లో నిలబడి, అడగాలా వద్దా అన్నట్టు కాసేపు ఫ్రిజ్ తలుపు తీసి వేసి, చివరికి అన్నాడు.

"బావా, నువ్వొస్తావా?"

"నాకు ఆట రాదు కదరా."

"ఆట నేనాడతాలే. నువ్వు బ్యాగు మొయ్యి, నేను తిట్టుకునేటప్పుడు పక్కన ఉండు."

అలా వెళ్ళాను.

వాడికి ముప్పై ఆరేళ్ళు. మాది రెండో మెట్టు టూర్. సీజన్ అయ్యేసరికి మొదటి ముప్పై మందిలో ఉన్నవాళ్ళకి పెద్ద టూర్‌లో ఆడే కార్డు దొరుకుతుంది. లేన్‌కి ఒకప్పుడు ఆ కార్డు ఉండేది. ఒక్క ఏడాది. మణికట్టు దెబ్బతిని పోగొట్టుకున్నాడు. మళ్ళీ సంపాదించుకోవడానికి తొమ్మిదేళ్ళుగా తిరుగుతున్నాడు. వాడి భార్య డానెట్ ఆ జనవరిలోనే చెప్పేసింది. కోపంగా కాదు, బట్టలు మడతపెడుతూ చెప్పింది: ఇదే ఆఖరు, కార్డు వస్తే సరే, లేకపోతే మా నాన్న కార్పెట్ల కొట్టులో పని చూసుకో. వాళ్ళ చిన్న కూతుర్ని బళ్ళో మీ నాన్న ఎక్కడుంటారని అడిగితే "మోటల్లో" అందట. ఆ మాట మాకు చెప్పి డానెట్ నవ్వింది. లేన్ నవ్వలేదు.

బహామాస్‌లో గాలి మమ్మల్ని కొట్టి పంపింది. బొగోటాలో ఎత్తైన చోటు గనుక బంతి అనుకున్నదానికంటే దూరం పోతుంది. దానికి లెక్క కట్టడం నాకు చేతనైంది గాని వాడి మణికట్టుకి చేతకాలేదు. గురు, శుక్రవారాలు ఆడాక సగం మందికి పైగా ఇంటికి పోవాలి. మేము వసంతకాలమంతా ఆ సగంలోనే ఉన్నాం. శుక్రవారం సాయంత్రాలు క్లబ్బు పార్కింగులో కారులో కూర్చుని, మిగతావాళ్ళ ఆట ముగిసేదాకా ఫోనులో స్కోర్లు చూస్తూ ఉండేవాళ్ళం.

"ఎంతలో ఉన్నాం?"

"ఒక్క షాట్ బయట."

"ఆ కెనడావాడు ఇంకా ఆడుతున్నాడా?"

"ఇంకా రెండు హోల్స్ ఉన్నాయి వాడికి."

"వాడు ఒక్కటి చెడగొట్టుకోవాలని కోరుకుంటే పాపమా బావా?"

"పాపమే."

"అయితే నువ్వు కోరుకో. నువ్వు ప్రతివారం చర్చికి పోతావు కదా, నీ ఖాతాలో కొంచెం పుణ్యం ఉంటుంది."

కెనడావాడు చెడగొట్టుకోలేదు. పక్క కారులో ఎవరో స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నారు. మేము అటు చూడకుండా బయటికి వచ్చేశాం. అక్కడి మర్యాద అది.

ఆ నెలల్లో మాకు మేలు చేసినవాళ్ళు లేకపోలేదు. లూసియానాలో మోటల్ కౌంటరులో ఉండే ఒకావిడ, టిఫిన్ గది తెరిచే వేళ కాకపోయినా మాకోసం తలుపు తీసి, వాఫిల్ మిషన్ వేడెక్కేదాకా తన పిల్లల కబుర్లు చెప్పింది. విచిటాలో ఆటగాళ్ళని ఇంట్లో ఉంచుకునే పెద్దావిడ ఒకరు, మేము అడగకుండానే లేన్ చొక్కాలు ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. ఆ చొక్కా వేసుకున్న వారమే లేన్ ఆట మారింది. వాడు మూడో స్థానంలో వచ్చాడు. తర్వాత ఇలినాయిలో రెండో స్థానం. ఎండలు ముదిరేకొద్దీ మణికట్టు వదులైంది. జూలై అయ్యేసరికి మేము ముప్పైలోపలికి వచ్చేశాం. మధ్యాహ్నం భోజనం దగ్గర డానెట్‌తో ఫోనులో మాట్లాడుతూ వాడు ఈల వేయడం విన్నాను. మార్లా పోయాక వాడు ఈల వేయగా వినడం అదే మొదలు.

ఆగస్టులో మణికట్టు మళ్ళీ వాచింది. ఆఖరి పోటీకి వెళ్ళేసరికి ముప్పై నాలుగో స్థానంలో ఉన్నాం.

అది టెనెస్సీలో, ఒక నది పక్కన. ఆదివారం, నాలుగో రోజు ఆట. మాతో కలిసి ఆడుతున్నది కోల్టన్. వాడికి కార్డు ఎప్పుడో ఖాయమైపోయింది, కాబట్టి వాడు పోగొట్టుకునేదీ లేదు, సంపాదించుకునేదీ లేదు. మా సంగతి మాత్రం ఆ రోజుతో తేలిపోవాలి. లేన్ బాగా ఆడుతున్నాడు. మణికట్టుకి కట్టుతోనే ఆడుతున్నాడు, అయినా నేను చూసినవాటిలోకెల్లా మంచి ఆట అది. పద్దెనిమిదింటిలో పద్నాలుగో హోల్ దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఉన్న పెద్ద బోర్డు మీద వాడి పేరు జరిగింది. అలాగే ముగిస్తే ఇరవై తొమ్మిదో స్థానం.

వాడు ఆ బోర్డు చూశాడు. చూడటం నేను చూశాను.

నది మీంచి గాలి గట్టిగా వీస్తోంది. వాడు కొట్టిన బంతి కుడివైపుకి తిరిగి, వాగు గట్టున ఎత్తు గడ్డిలోకి పోయింది. అలాంటప్పుడు క్యాడీ పని ఒక్కటే: బంతి పడ్డ చోటు నుంచి చూపు తిప్పకూడదు. నేను గట్టు మీది ఒక ఎండిన మొక్కని గుర్తు పెట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాను. నా వెనక వాడు అన్నాడు:

"ఛ! ఇంకోటి కొడతా."

వెనక్కి చూడకుండానే జేబులోంచి బంతి తీసి అందించాను. వాడు కొట్టాడు. చప్పుడు బాగుంది. తిరిగి చూస్తే బంతి సరిగ్గా నడిమధ్య పచ్చికలో దొర్లుతోంది.

"ఈ దెబ్బ ఇందాక ఎక్కడ దాచావన్నా?" అన్నాడు కోల్టన్ దూరం నుంచి.

"నీలాంటి వాళ్ళు దొంగిలిస్తారని లోపల పెట్టుకున్నా" అన్నాడు లేన్.

నడిచి వెళ్ళేసరికి గట్టు మీద బంతులు చూసే వాలంటీరు ఒకావిడ, డెబ్భై ఏళ్ళు ఉంటాయి, చిన్న జెండా పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కాళ్ళ ముందు, చూడ్డానికి వచ్చిన జనం తొక్కి అణిచిన గడ్డి మీద, ఎవరో చేత్తో పెట్టినట్టు మా మొదటి బంతి కూర్చుని ఉంది.

"మీరొచ్చేదాకా కాలు కదపలేదండీ" అంది ఆమె. మొహం వెలిగిపోతోంది.

లేన్ ఆమెని గట్టిగా కౌగిలించుకున్నాడు. "అమ్మా, మీకు మా ఇంట్లో జీవితాంతం ఆదివారం భోజనం" అన్నాడు. ఆమె సిగ్గుపడి టోపీ సర్దుకుంది.

అప్పుడు కోల్టన్ మా దగ్గరికి వచ్చాడు. లేన్ స్కోరు రాసేది వాడే. మా ఆటలో ఒకరి స్కోరు ఇంకొకరు రాయాలి, సందేహం వస్తే అడిగి తీరాలి. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"లేన్ అన్నా, ఏమీ అనుకోకు. రెండోది కొట్టేముందు ప్రొవిజనల్ అన్నావా?"

"అన్నాను. నేనెప్పుడు అనలేదు?"

"అదే నేననేది. నువ్వంటే ఊరంతటికీ వినబడుతుంది. నాకు వినబడలేదు. అందుకే అడిగాను."

"గాలిరా. బావా, చెప్పు వీడికి."

నేను నోరు తెరవకముందే కోల్టన్ చెయ్యి పైకెత్తి రూల్స్ అధికారిని పిలిచాడు. బహుశా నా మొహం చూసి ఉంటాడు.

గడ్డి టోపీ పెట్టుకుని రోండా ఏమ్స్ మైదానంలో తిరిగే చిన్న కారులో వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషి. కారు దిగి, అందరూ ఊపిరి తీసుకునేదాకా ఆగి, అప్పుడు లేన్‌ని అడిగింది.

"వొండ్రా గారూ, రెండో బంతి కొట్టేముందు ఏమన్నారు? అన్నది అన్నట్టు చెప్పండి."

"ప్రొవిజనల్ అన్నాను మేడమ్."

"ఎవరితో?"

"బావతో. ఆయన పక్కనే ఉన్నాడు."

"పీబుల్స్?"

"నేను దూరంగా ఉన్నాను మేడమ్. గాలి ఎదురు కొడుతోంది. అన్నాడేమో. అనలేదని మాత్రం నేను చెప్పలేను." వాడి క్యాడీ అప్పటికే ముందుకి వెళ్ళి ఉన్నాడు. అతనికి అసలేమీ తెలియదు.

రోండా నావైపు తిరిగింది. "ఓస్బర్గ్ గారూ, మీరు విన్నారా? తొందర లేదు. గాలిలో వినబడకపోతే వినబడలేదని చెప్పండి. అప్పుడు నేను ఆటగాడి మాటే తీసుకుంటాను."

నేను తప్పించుకోవడానికి ఆమె తలుపు తెరిచి పట్టుకుంది. అక్కడున్న ప్రతివాళ్ళకీ అది తెలుసు. కోల్టన్ నేలకేసి చూస్తున్నాడు. నేను ఆ తలుపులోంచి వెళ్ళిపోతే బాగుండునని వాడికీ ఉందని నాకు తెలుస్తూనే ఉంది. లేన్ నన్ను నమ్మకంగా చూస్తున్నాడు. వాడు అబద్ధం ఆడటం లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ మాట అరుస్తున్న గొంతు అది. ఈసారి కూడా అరిచానని వాడి చెవులు వాడికి చెబుతున్నాయి. అబద్ధం ఆడవలసి వస్తే నేనొక్కడినే ఆడాలి. పెద్ద అబద్ధం కూడా కాదు. వినబడలేదని చెప్పడమే.

"వినబడింది మేడమ్" అన్నాను. "ఇంకోటి కొడతా, అన్నాడు. అంతే."

"ఇంకేమీ అనలేదా?"

"లేదు."

లేన్‌కి కోపం రాలేదు. నేను వాడికి తెలియని భాషలో ఏదో మాట్లాడినట్టు చూశాడు. "బావా" అన్నాడు.

రోండా తీర్పు చెప్పింది. మెల్లగా, వాడికి మాత్రమే వినబడేలా చెప్పింది. నడిమధ్య పచ్చికలో ఉన్న బంతే ఆట. ఈ బంతి లేనట్టే. లేన్ వంగి దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నాడు.

జెండా పట్టుకున్న ఆవిడ మా అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నేనేమైనా తప్పు చేశానా బాబూ?" అంది.

"లేదండీ" అన్నాడు లేన్. "మీరు చాలా బాగా వెతికారు." ఆ స్థితిలో కూడా అనగలిగాడు. వాణ్ణి పెంచిన మనిషి నాకు ఆ క్షణాన గుర్తొచ్చింది.

మిగతా నాలుగు హోల్స్ వాడు చక్కగానే ఆడాడు. నేను దూరాలు చెప్పాను, వాడు తలూపాడు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ కర్ర విసరలేదు. ఆఖర్న స్కోర్ల గుడారం ముందు నిలబడితే బోర్డు మీద ముప్పై ఒకటో పేరు మాది. ఒక్క షాట్ తేడా. కోల్టన్ వచ్చి లేన్ చెయ్యి పట్టుకుని నొక్కి, నా బ్యాగు కారుదాకా మోసుకొచ్చి పెట్టి వెళ్ళిపోయాడు.

కారు లేనే నడిపాడు. కెంటకీ దాటాం. సెయింట్ లూయిస్ అవతల పెట్రోలు బంకు దగ్గర ఆపి, లోపలికి వెళ్ళి రెండు కాఫీలు తెచ్చాడు. నాది పాలు ఎక్కువగా, నేను తాగేలాగే ఉంది. కారు ఎక్కి తాళం తిప్పకుండా కూర్చున్నాడు.

"బావా, నిజంగా అనలేదా?"

"అనలేదురా."

"నాకు వినబడుతోంది. నా గొంతే. ఇప్పుడు కూడా."

"నాకు తెలుసు."

మళ్ళీ రోడ్డు. మిస్సోరీ సగం దాటాక ముందుకి చూస్తూనే అన్నాడు. "గాలి బాగా ఉంది కదా అప్పుడు."

"ఉంది."

"నువ్వు అటు తిరిగి ఉన్నావు."

"అవును. బంతినే చూస్తున్నాను."

వాడు తలూపాడు. తడి సిమెంటు గట్టిపడుతున్నట్టు వాడి మొహంలో ఏదో ఒకటి మెల్లగా స్థిరపడటం నేను చూస్తూ కూర్చున్నాను. దాన్ని వేలితో కూడా తాకలేదు.

హేస్టింగ్స్‌లో డానెట్ తలుపు తీసింది. ఫోనులో స్కోర్లు చూసే ఉంటుంది, ఏమైందని అడగలేదు. లేన్ షూస్ విప్పుతూ చెప్పాడు.

"బావకి వినబడలేదు."

నేను గోల్ఫ్ బ్యాగు భుజాన ఉండగానే గుమ్మంలో ఆగిపోయాను. డానెట్ నావైపు చూసింది. "అవునా అన్నయ్యా?"

లేన్ రెండో షూ లేసు విప్పుతున్నాడు. ముడి పడిందేమో, తల ఎత్తలేదు. అక్కడ టెనెస్సీలో వినబడలేదని నేను అని ఉంటే వాడికి కార్డు వచ్చేది. ఇక్కడ అంటే వచ్చేది ఏమీ లేదు, వాడికి రాత్రి నిద్ర తప్ప.

"గాలి ఎక్కువగా ఉందమ్మా" అన్నాను.

నవంబరులో వాడు కార్పెట్ల కొట్టులో చేరాడు. ముప్పై ఒకటో స్థానం వాడికి ఇంకో ఏడాది అదే రెండో మెట్టు టూర్‌లో ఆడే హక్కు ఇస్తుంది. ఆ సంగతి చెబుతూ టూర్ వాళ్ళ ఫోను వచ్చినప్పుడు వద్దని చెప్పి, వెంటనే వెళ్ళి లారీలోంచి కార్పెట్ చుట్టలు దింపాడట. ఊళ్ళో ఎవరైనా అడిగితే చెప్పేవాడు: నేను అన్నాను, మా బావకి చెవి కాస్త మందం, పాపం ఆయన తప్పేముంది. ఎప్పుడూ నిష్ఠూరంగా చెప్పలేదు. ఆ కథలో నన్నెప్పుడూ వెనకేసుకొచ్చేవాడు. అందుకే అది వినడం కష్టంగా ఉండేది.

డిసెంబరులో డానెట్ గ్రాండ్ ఐలండ్‌లో చెవుల పరీక్షకి ఏర్పాటు చేసి తనే కారులో తీసుకెళ్ళింది. నేను వద్దంటే ఒప్పుకోలేదు. "మీరు ఒంటరిగా ఉండే మనిషి అన్నయ్యా. రేపు పొయ్యి మీద గిన్నె మాడినా, తలుపు కొట్టినా వినబడకపోతే?" అంది. లోపల ఒక యువ డాక్టరు హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నటి శబ్దాలు వినిపించి, వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. నొక్కుతూ పోయాను. అయ్యాక నవ్వాడు.

"మీ వయసుకి ఈ చెవులు భేష్ సార్. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళకి కూడా ఇలా ఉండవు."

డానెట్ వరండాలో కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"కుడి చెవి కొంచెం తగ్గిందట" అన్నాను. "మిషన్ ఇంకా అక్కర్లేదట."

ఆమె ఊపిరి వదిలింది. బయట పార్కింగులో మంచు గడ్డకట్టి ఉంది. జారకుండా నా మోచెయ్యి పట్టుకుని కారుదాకా నడిపించింది. "ఆయనతో చెప్తాను. ఆయనకి కాస్త..." అని, ఆ మాట పూర్తి చేయకుండా తలుపు తీసి పట్టుకుంది.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి అటే వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. లేన్ నా కుర్చీని తనే ఎత్తి బల్ల ఈవైపుకి మార్చాడు, నా ఎడమ చెవి తనవైపు ఉండేలా. పిల్లలు ఏం చెప్పినా అరిచి చెబుతున్నారు. చిన్నది నా చెవిలో నోరు పెట్టి మరీ తన బొమ్మ పేరు చెప్పింది. డానెట్ రొట్టెలు తేవడానికి లోపలికి వెళ్ళింది. పిల్లలు కిటికీలోంచి మంచు చూడ్డానికి లేచారు. లేన్ మాంసం కోస్తున్నాడు. చుట్టలు మోసి వాడి అరచేతులు కాయలు కాచాయి, మణికట్టుకి కట్టు అలాగే ఉంది. కోయడం ఆపాడు. తల ఎత్తకుండా, కత్తితో చెబుతున్నట్టు, చాలా మెల్లగా అన్నాడు:

"అనలేదేమో బావా."

గదిలో వేరే చప్పుడు లేదు. ఎంత చక్కగా వినబడిందో చెప్పలేను. వాడి చెయ్యి కత్తి మీద బిగుసుకుని ఉంది. లోపలినుంచి డానెట్ అడుగులు వస్తున్నాయి.

నేను ఎడమ చెవి కాస్త ముందుకి వంచాను.

"ఏమన్నావురా?"

వాడు తలెత్తి నన్ను చూశాడు. చాలాసేపు చూసినట్టనిపించింది. డానెట్ రొట్టెల గిన్నెతో వచ్చి కూర్చుంది.

"బంగాళాదుంపలు ఇటివ్వమన్నాను!" అన్నాడు గట్టిగా.

ఇచ్చాను.